రెండు నుంచి లెక్క

హాయ్ లువా ఇంట ఆ పొద్దున
ఏ పుంజూ కూయలేదు.
కోడి కూయకపోయినా తెల్లవారింది.
మెకాంగ్ పాయ మీద మంచు ఎప్పట్లాగే లేచింది,
పడవల మోటార్లు దగ్గుకుంటూ బజారుకి పోయాయి.
గూటి కింద నలభై ఒక్క కోళ్లు
నీలం తిరిగిన తురాయిలతో,
కాళ్లు బిగదీసుకుని.

పక్క కాలవలో ఆమె తమ్ముడి బాతులు, ఆరువందలు,
అదే నీళ్లు తాగుతూ, అదే బురద తవ్వుతూ
ఏమీ ఎరగనట్టు.

నేను కాన్ థో పశువైద్యశాల నుంచి
దూదిపుల్లలు, ఐసుపెట్టె మోసుకొచ్చినదాన్ని.
నా పేరు అడగలేదామె. "ఉత్" అంది,
ఇంటి కడగొట్టు పిల్లని పిలిచినట్టు.
"ఉత్, నీళ్లొకటే. నావి పోయాయి, వాడివి ఉన్నాయి.
ఎవరు చేశారు నాకిది?"

ఎవరూ చేయలేదని ఎలా చెప్పను?
మనిషన్నవాడు ఇంకా లేని రోజుల్లో
ఏ అడవిలోనో, ఏ ముత్తవ్వ కోడికో
ఒక అక్షరం చెదిరింది. తర్వాత మాటే చెదిరింది.
ఆ మాట ఒక తలారి.
కణం పొలిమేరలో లాంతరు పట్టుకు తిరుగుతూ
కొసన టోపీ లేని పరాయి దారం కంటపడితే
ఊరు ఊరంతా లేచేలా కేక వేసేవాడు.
బాతు ఒంట్లో వాడింకా ఉన్నాడు.
కోడి ఒంట్లో లేడు.
గుడిసె కూడా లేదు, గుడిసె ఉన్న చోటు ఉంది.

తలారి పోయిన ఊళ్లో ఎవడో ఒకడుంటాడు,
తనది కాని పనిని నెత్తినేసుకునేవాడు.
అలాంటి ఇంకో జన్యువు
తరాల తరబడి తనను తానే సానపట్టుకుని,
కొత్త ఆనవాళ్లు నేర్చుకుని,
రెండు వీధులూ ఒక్కతే కాసింది.
బాగానే కాసింది, లేకపోతే కోడి మనదాకా వచ్చేదా?
ఈ జ్వరం దగ్గర మాత్రం
కేక వినబడేసరికి ఇల్లు కాలిపోయింది.

ఇంత మాట చెప్పలేదు.
బురదలో పుల్లతో గీసి చూపించాను.
బాతు వరస: ఒకటి, రెండు, మూడు.
కోడి వరస: ఖాళీ, రెండు, మూడు.

ఆమె నవ్వింది.
చచ్చిన కోళ్ల మధ్య నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది.
"మా వైపు తొలిచూలు బిడ్డని ఒకటి అనం కదా, ఉత్.
హాయ్ అంటే రెండు. ఇంటికి పెద్దదాన్ని నేనే,
అయినా రెండో లువాని.
మొదటి బిడ్డ ఎవరో తెలిస్తే దయ్యం ఎత్తుకుపోతుందని
ఆ చోటు ఖాళీగా వదిలేస్తాం.
నా కోళ్లూ అదే చేశాయి కాబోలు.
వాటి దయ్యానికే లెక్కలు రావు."

నాలుగో రోజు ఫలితం వచ్చింది.
ఐదో రోజు తెల్ల దుస్తులవాళ్లు దిగారు,
బాతుల కోసం.
తలారి మేలుకున్న ఇంట్లో దొంగ చావలేదు,
చుట్టంలా పేగుల్లో మకాం వేశాడు,
అక్కణ్నుంచి కాలవలోకి, కాలవ నుంచి పక్క ఊరికి.
చావనిదే మోస్తుంది.
ఆ సంగతి చెప్పింది నా దూదిపుల్లలే.

తమ్ముడు బాయ్ ఖియెమ్ ఒక్క మాట అనలేదు.
రోజూ సాయంత్రంలాగే
నాలుక కొట్టి పిలిచాడు.
అవి గట్టెక్కి, నీళ్లు దులుపుకుని
బారు తీరి వచ్చాయి సంచుల దాకా.
నేను ఐసుపెట్టె మూత సరిచేస్తున్నట్టు
చాలాసేపు వంగే ఉన్నాను.

మూడు నెలలకి మళ్లీ వెళ్లాను, పని లేకుండానే.
కాలవ నిండా గుర్రపుడెక్క.
గుమ్మంలో వెదురుబుట్ట, బుట్టలో కొత్త కోడిపిల్లలు.
ఒక్కొక్కదాన్నీ గుప్పిట్లోకి తీసి
లెక్కపెడుతోందామె:
రెండు, మూడు, నాలుగు...

"ఇరవై తొమ్మిది" అంది చివరికి.
నాకు ఇరవై ఎనిమిదే వచ్చాయి.
సరిదిద్దలేదు.