శనివారం పిండి

తొమ్మిదేళ్లు, ప్రతి శనివారం రాత్రి
సంఘానికి రొట్టె నేనే చేశాను.
పులిసిందేదీ తగలని గిన్నె ఒకటి వేరే ఉండేది.
మా ఆయన ఒకసారి దాన్ని చేపల పులుసుకి తీస్తే
మూడు రోజులు మాట్లాడలేదు.
నేనూ తీర్పులు చెప్పేదాన్నే అప్పట్లో. అది దాచను.

కంచరపాలెం మెట్టు దాటాక, పట్టాల పక్కన
రేకుల షెడ్డు మా మందిరం.
ముడి ఇనుము బళ్లు పోయేదాకా
తీతు అయ్యగారు కళ్లు మూసుకుని ఆగేవారు,
ఆగిన మాట నుంచే మళ్లీ అందుకునేవారు.
ఆయనకి ఏదీ మధ్యలో తప్పిపోదు.

పక్కవాటాలో పైడితల్లికి సీమంతం.
"అక్కా, నువ్వు తొడిగించుకోకపోతే నాకు మనసొప్పదు" అని
సబ్బు నురగ రాసి మరీ
డజను ఆకుపచ్చ గాజులు ఎక్కించింది.
ఆదివారానికి తీసేద్దామనుకున్నాను.
తీస్తే పగులుతాయి. పగిలితే ఆ పిల్లకి వినపడుతుంది.
గోడ ఒకటే కదా మాకు.

అయ్యగారు ఎవరి పేరూ చెప్పలేదు.
"కొందరు సహోదరీలు" అన్నారు.
ఆ బహువచనంలో నేనొక్కదాన్నే ఉన్నాను.
గాలి మారితే తీగ మీది బట్టలు తిరిగినట్టు
ముసుగులన్నీ ఇటు తిరిగాయి.
పళ్లెం నా ఒడి దాటి
అవతలి ఒడికి పోయింది.
అంచు దగ్గర కాస్త మాడింది రొట్టె,
రాత్రి కరెంటు పోయినప్పుడు.

తర్వాత అయిదు నెలలు ఊరంతా తిరిగాను
ఆదివారం పూట, బైబిలూ టిఫిన్ డబ్బా ఒకే సంచిలో,
పని వెతుక్కునేదానిలా.
గాజువాకలో ఒకచోట ఏసీ, డ్రమ్ములు, రంగుల పొగ.
పాపివని ఎవరూ అనలేదు.
నీ పేరేమిటనీ ఎవరూ అనలేదు.
పాత పోస్టాఫీసు వైపు రాతి చర్చిలో
బెంచీలకు వంశాలున్నాయి.
"అది మా పెదనాన్నగారి వరస" అన్నారొకరు, లేచాను.
మర్రిపాలెంలో ఎంతో ప్రేమగా
ఇంటిపేరు అడిగారు, తర్వాత ఏ ఊరని,
తర్వాత ఆ ఊళ్లో ఏ వీధని.
మూడో ప్రశ్నకి టీ చల్లారిపోయింది.

రెండు ఆదివారాలు ఎక్కడికీ పోలేదు.
బీచిలో కూర్చున్నాను.
దేవుడికి కనిపించానో లేదో గాని
బఠాణీలవాడు రెండోసారి గుర్తుపట్టాడు.

జాలారిపేట సందుల చివర, వలలు బాగుచేసే పాకలో
పదిహేను మంది. కుర్చీల్లేవు, చాపలు.
సముద్రం గట్టిగా ఉన్నరోజు వాక్యం సగమే వినపడుతుంది,
ఎవరికి ఏ సగం అందిందో ఎవరూ లెక్క చూడరు.
గుమ్మం దగ్గరే నిలబడ్డాను,
చేతులు కొంగులో చుట్టుకుని.
గాజులు అప్పటికి ఆరు మిగిలాయి.
నూకాలన్నా, నయోమి అన్నా పలుకుతుందట ఆ ముసలమ్మ,
నొప్పి మోకాలు చేత్తో ఎత్తి పక్కకి పెట్టుకుంది.
"ఏటమ్మా, అలా నిలబడిపోనావు? కూకో."
ఆవిడ జరిగిన చోట చాప ఇంకా వెచ్చగా ఉంది.

అది నా సంఘమో కాదో తెలీదు.
వాళ్ల పాటలు నాకు రావు.
కిందటివారం తాగొచ్చిన ఒక కుర్రాణ్ని
బయట పడవ నీడలో కూర్చోబెట్టారు,
నేను అటే చూస్తూ ఉండిపోయాను.
ప్రార్థన అయ్యాక ఒకాయన వెళ్లి
వాడి పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు.
అది శిక్షో, ప్రేమో, రెండూనో.

నిన్న శనివారం.
ఎవరూ అడక్కుండానే చేతులు పిండి డబ్బా దించాయి.
ఎవరి కోసమో తేల్చుకోకుండానే నీళ్లు పోశాను.
ఆ వేరే గిన్నె ఇప్పుడు గోడ అవతల ఉంది,
పైడితల్లి బిడ్డకి దానిలో ఉగ్గు కలుపుతోంది.
పులుసు గిన్నెలోనే పిసికాను, గాజులు తీయకుండా.
ఎంత తోమినా
కొంచెం చింతపండు వాసన.