వేలిముద్ర

గ్రిమ్స్‌బీలో తెల్లవారుజాము నాలుగు.
చేపల ఫ్యాక్టరీలో పది నిమిషాల టీ.
చేతొడుగులు విప్పినా వేళ్లలో ఇంకా మంచే.
ట్రెవర్ ఓ హ్యాడక్‌ని తోక పట్టుకుని క్యాంటీన్‌లోకే తెచ్చాడు,
మొప్ప వెనక నల్లమచ్చని బల్లంతా తిప్పి చూపిస్తూ:
"డీవీ, ఇది మీ అపొస్తలుడి బొటనవేలి గుర్తట,
మా తాత చెప్పేవాడు.
ఆయన చేతులు కడుక్కునేవాడు కాదా?"

దీవెన అని పలకడం వాళ్లకి రాదు.
పలికించే ఓపిక నాకూ పోయింది.

నవ్వు ఆరకముందే రెండోది:
"తను ఎత్తలేనంత బండని మీ దేవుడు చేయగలడా?"
జవాబు కోసం ఎవరూ ఆగలేదు.
నవ్వు ముందే వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

పూడిమడక ఒడ్డున గాలాలకి ఎర గుచ్చుతూ నాన్న అనేవాడు:
"ఎర సూసి వడ్డన అనుకున్నావంటే
సేపవి నువ్వేనే అమ్మా."
ఆ మాట నన్ను చాలా ఏళ్లు కాపాడింది.
ఒక్కసారి తప్ప.

లోర్నా. ప్యాకింగ్ లైనులో పిల్ల.
"మీ పరలోకంలో కుక్కలుంటాయా డీవీ?" అంది
పగలబడి నవ్వుతూ.
గాలమే అనుకున్నాను.
"మొరిగేవాళ్లకి అక్కడ చోటు లేదు" అన్నాను.
బల్లంతా చప్పట్లు. లోర్నా కూడా కొట్టింది.
వారం తరువాత ఆమె లాకరు తలుపు తెరిచి ఉంటే చూశాను:
కొక్కేనికి ఓ తోలుపట్టీ, ఇత్తడి బిళ్ల,
పట్టీ అంచున పళ్లగాట్లు.
నెలాఖరుకి పని మానేసింది.
ఏ ఊరెళ్లిందో ఎవరికీ తెలియదు.
ఇవ్వాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది,
ఫ్రీజర్‌ అడుగున పేరు రాయని పొట్లంలా.

అప్పటినుంచి నవ్వుతూ వచ్చిన ప్రశ్నని
వెంటనే కోయను.
కాసేపు నీళ్లలో వదిలి చూస్తాను.
అన్నిటికీ ప్రాణం ఉండదు. కొన్నిటికి ఉంటుంది.
ఇన్నేళ్ల ఆదివారాల్లో నేను నేర్చుకున్నది అంతే.

టీ ఊదుకుంటూ అడిగాను:
"బండ సంగతి ఉండనీ ట్రెవర్.
నువ్వు ఎత్తలేనిది ఏమైనా ఉందా?"
"మా అత్తగారు" అన్నాడు.
కప్పులు ఒలికేలా నవ్వారు. నేనూ నవ్వాను,
బాగుంది మరి.
గంట మోగింది.

మళ్లీ బెల్టు. మంచు. కత్తి.
ఎదురెదురుగా నిలబడి ముళ్లు తీస్తున్నాం.
వెన్ను పక్కన సన్నముళ్లు కంటికి ఆనవు,
వేలితో తడుముకోవాలి.
ఆరవుతుండగా యంత్రం ఎక్కడో ఇరుక్కుని ఆగింది.
లైను మనుషులు సిగరెట్లకి వెళ్లారు.
ట్రెవర్ వెళ్లలేదు.
చేతొడుగు తీసి, చేప మీది నల్లమచ్చకి
తన బొటనవేలు ఆనించి
సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు.

"నిజంగా ఆయనదే అంటావా?" అన్నాడు,
తల ఎత్తకుండా.

"తెలియదు" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.
నవ్వడానికి ఎవరూ లేరు కూడా.
బెల్టు కదిలింది.
ఆ ఒక్క చేపనీ కోయకుండా ముందుకి వదిలేశాడు.
నేను చూడనట్టు
నా కత్తి నూరుకున్నాను.