జవాబు తొవ్వ

కొండమల్లేపల్లి దాటినంక, కల్వర్టు కాడ
నీళ్ల పైపుకని తోడుతున్న జేసీబీ
మా తీగెను పెరికింది,
నానిన మళ్ల నారు పీకినంత అల్కగ.
అప్పటికి పది నలభై.

దేవరకొండ బ్రాంచిల, కౌంటరు ముంగట
యాభై అరవై మంది.
నల్గొండ నుంచి నేను, బండి మీద,
సంచిల లాప్‌టాప్, నీలం కన్సోల్ తీగె, రెండు సమోసలు.
పరేషాన్ కాకుండ్రి, ఇంకో తొవ్వ ఉన్నదని
చెప్పే బయలెల్లిన.

ఉన్నది నిజమే.
మిద్దె మీద డిష్షు, గుట్టకేసి చూసుకుంట
మూడేండ్ల సంది నెలనెలా కిరాయి తింటున్నది.
దానికి పని పడ్డది లేదు,
అది చేస్తదో లేదో చూసినోడూ లేడు.

వచ్చి చూస్తే
దీపం ఆకుపచ్చగనే ఎలుగుతున్నది.
అంత నిమ్మళంగ అబద్ధమాడుడు
మనుషులతోని కాదు.

పక్క గడపకు పింగ్ కొట్టిన: పలికింది.
గుట్ట మీది టవరుకు కొట్టిన: పలికింది.
హైదరాబాద్‌కు కొట్టిన.
చుక్క.
చుక్క.
చుక్క.

డిష్షును జరంత తిప్పిన, కనెక్టరు విప్పి ఊది పెట్టిన.
రూటరును ఆపి, పదిదాక లెక్కపెట్టి, మళ్ల లేపిన,
ఏం తోచనప్పుడు మేం చేసే పూజ అది.
క్యాషియర్ లింగస్వామి
నోట్ల మిషను మీద తువ్వాల కప్పి
నా దిక్కు చూసుడు మానేసిండు.

బెంచి మీద జాటోత్ హర్యా,
పత్తిగింజల పైసలకు పొద్దుగాల్నే వచ్చి కూసున్నోడు,
"పోతలేదా సారూ, వస్తలేదా?" అన్నడు.
ముందుగాల నవ్వొచ్చింది.
ఆ నవ్వు గొంతులనే ఆగింది.

పన్నెండేండ్ల నౌకరీల
లింకు పోయిందనుడే గాని
పోవుడు ఆగిందా, రాకడ ఆగిందా అని
ఎవ్వరూ అడగలే. నేనూ అడగలే.

హెడ్డాఫీసుకు ఫోన్ చేసిన.
"నూరు పంపుతున్న నఫీసా, లెక్కపెట్టు."
అవతల కీబోర్డు చప్పుడు.
"నూరూ వచ్చినయన్నా.
నూటికి నూరు జవాబులు గూడ పోయినయ్."
"ఎటు పోయినయ్?"
చానసేపు పలకలే.
"పాత తొవ్వకే."

అంటే పొద్దుగాల్టి సంది
మేం పిలిచింది వాళ్లకు ఇనవడుతనే ఉన్నది.
వాళ్లు ఓపికగ బదులు చెప్తనే ఉన్నరు,
ఒక్కొక్క మాటా వరుసగ వచ్చి
కల్వర్టు కాడ తెగిన గాజుపోగు అంచున
మట్టిల రాలిపోతనే ఉన్నది.

చేత్తో రాసిన రూటు. ఒక్కటే వరుస.
ఏమైనా కానీ, దేవరకొండకు ఇట్లనే పో అని
షరతు లేని ఆజ్ఞ.
దాని పక్కన రాసింది సదివింది నఫీసా:
"తాత్కాలికం. రేపు తీసెయ్యాలె. కె.వి."
"ఎవరన్నా ఈ కె.వి.?"

నాలుగేండ్ల కింద, ముసురు రాత్రి,
రూట్లు ఎగిరి ఎగిరి దుంకుతుంటె
ఇంటికి పోయే తొందరల రాసిన.
ఆ రేపు ఇంకా తెల్లారలే.

"తీసెయ్" అన్న.
తీసినంక చెప్పిన, నేనేనని.
ఆమె ఏమనలే. అంటె బాగుండు.

అరవై రెండు మిల్లీసెకన్లు. జవాబు.
మళ్ల జవాబు.
లింగస్వామి తువ్వాల గుంజిండు, మిషను గరగరమన్నది.
హర్యా పైసలు రెండుసార్లు లెక్కపెట్టుకొని
బస్సుకు టైమయిందని ఉరికిండు.

ఐదున్నరకు ఫైబరు అతికింది.
అందరు హమ్మయ్య అనుకుంటుండంగ
పోయి మెయిన్ తీగెను నేనే పీకిన.
"అగో, ఏం పనయ్యా!" లింగస్వామి ఒర్రిండు.
ఆగుమన్న.
ఒకటి, రెండు, మూడు...
ఏడు కాడ, ఎవరూ ముట్టకుంటనే,
మిద్దె మీది డిష్షు
మూడేండ్ల తిండికి లెక్కజెప్పింది.

సమోసలు మెత్తవడ్డయ్. చెరొకటి తిన్నం.
రిజిస్టర్ల రాసిన:
నెలకొకపారి మంచిగున్న తీగెను పీకి చూడాలె.
కింద, ఈసారి, పొడి అక్షరాలు కాకుంట
కట్టెబోయిన వెంకులు అని
నిండుగ సంతకం పెట్టిన.