ఎడమ దిక్కు, కుడి దిక్కు

మిర్చి అడ్తి వాళ్లిచ్చిన ఎర్ర అట్ట పుస్తకంల
ఎడమ దిక్కు జమ, కుడి దిక్కు ఖర్చు.
నిన్నటి గుర్రాల పోటీల లెక్క
దీపాలు పెట్టేయాళ్లకు తేలుస్తనని ఈయనకు మాటిచ్చిన.

ఎంట్రీలు నలభై ఒకటి, తలకు ఐదువందలు.
నాందేడు నించి వచ్చిన రెండు లారీల గుర్రాలకు
రాత్రి కొట్టం కిరాయి.
బిలోలి డాక్టరు గారి కవల పిల్లలు
సోమవారం నించి సవారి నేర్చుకుంటరట,
అడ్వాన్సు ఇచ్చిన్రు.
మూడేండ్ల సంది వంకరగ వేలాడే మా గేటు
జనం వస్తున్నరన్న సిగ్గుకైనా నిటారుగ నిలబడ్డది.
దాన్ని ఏ అంకెల వెయ్యాలె?

మైకు, షామియానా, కాగితం కప్పులు,
ఉలవలు రెండు బస్తాలు.
దూకే అడ్డాలకు కట్టిన బోరు పైపులు
ఏడింట్ల మూడు పగిలినయ్.
ధర్మాబాదు గాలిల మిర్చి ఘాటు అలవాటు లేక
లాతూరు గుర్రాలు పొద్దంత తుమ్మినయ్.
వాటి యజమానుల ముంగట వంచిన తల
ఏ దిక్కూ పట్టదు.
పక్క చేను నర్సాబాయి జొన్న, ఆరు సాళ్లు.
"గుర్రాలు కాదు బిడ్డా, కార్లు తొక్కినయ్" అన్నది.
పైసలు తీసుకున్నది,
మొఖం మాత్రం ఇటు తిప్పలేదు.

ఇగ చంద్రి.
చెవుల కొనలు ఒకదాన్నొకటి తాకే
మా మార్వాడీ ఆడగుర్రం.
ఒక్కనాడు పదకొండు మందిని మోసింది.
తొమ్మిదో పిల్ల దిగినప్పుడే
ముందరి కాలు నేలకు ఆనిస్తలేదని చూసిన.
చూసి, చేతిలున్న రశీదు బుక్కు చూసిన.
పదో పిల్లను ఎక్కించిన.
ఈ మాట కుడి దిక్కు రాసి, కొట్టేసి,
మళ్ల రాసిన.

పదకొండోది సుగంధ,
మా సైసు లాలప్ప బిడ్డ. లద్దె ఎత్తే పిల్ల.
నిజామాబాదు పిల్లకు జ్వరమొచ్చి
ఆఖరి వంతు ఖాళీ అయితే
ఎవ్వరు అనకముందే జీను మీదున్నది,
రబ్బరు చెప్పులు విడిచి, ఉత్తకాళ్లు రికాబుల పెట్టి.
ఆపొచ్చు. ఆపలేదు.
మైకుల మరాఠీల జ్వరం పిల్ల పేరే చదివిన్రు.
ఆ పేరు మీదనే ఆరు అడ్డాలు దాటింది.
ఆ నిమిషంనర సేపు చంద్రి కుంటు
ఎటు పోయిందో.
లాలప్ప రుమాలు నోట్ల కుక్కుకొని నిలబడ్డడు.
జనం మూడు భాషలల్ల ఒర్రిన్రు.
రెండో బహుమతి.
కప్పు రాత్రి రైలుకు నిజామాబాదు పోయింది,
పేరు వాళ్లదే కద.

పొద్దుగాల కాలు మోకాలిదాక వాచింది.
పశువుల డాక్టరు నెల దినాలు కదిలించొద్దన్నడు,
ఫీజు ఆరువందలు.
సుగంధ బకెట్లకు బకెట్లు సల్లనీళ్లు పోస్తున్నది.
తొట్టి అంచు మీద నిలబడితే చూసిన,
మడమలు కిందికి దించి,
ఎవ్వరు నేర్పంది.
"అక్కా, నావల్లనేనా?" అన్నది.
"కాదు, పదో పిల్లవల్ల" అన్న.
అందులో సగం అబద్ధం,
మిగిలిన సగం నేను.

ఈయన బయటి నించి పిలుస్తున్నడు:
"మిగిలిందా?"
మిగిలింది. నాలుగువేల రెండువందలు.
గడ్డి బాకీ తీరుతది.
వచ్చే ఏటి తారీఖు కూడ ఇప్పుడే అనుకుందామంటడు.

పెన్ను మూత దొరుకుతలేదు.
కొట్టంల చంద్రి
ఒక కాలు ఎత్తిపట్టుకొని
చొప్ప నములుతున్నది.