సుహైల్ చుక్క

మొదటేడు కారు మొత్తం పెట్టెల్లోనే దిగేది,
బుసాన్ రేవు ముద్రతో.
జుబైల్‌లో మేం చేసిందల్లా
విప్పడం, బిగించడం,
చివర్న బోనెట్ మీద సుహైల్ చుక్క అంటించడం.
"మనది స్టిక్కర్ల కంపెనీ" అని నవ్వేవాడు కోరుట్ల గంగారాం.

పార్క్ సారు మాట్లాడేవాడు కాదు.
నా మణికట్టు పట్టుకుని
బోల్టు ఎక్కడ "ఇక చాలు" అంటుందో వినిపించాడు.

రెండో ఒప్పందం జర్మనీ వాళ్లతో.
తలుపులు ఇక్కడే ఒత్తుతున్నాం,
సీట్లు ఇక్కడే కుడుతున్నాం.
పెట్టెచెక్కలతో క్యాంపులో మంచాలు చేసుకునేవాళ్లం,
ఇప్పుడు పీటకైనా చెక్క దొరకదు.

నాయిఫ్ వచ్చాడు, ఇక్కడి జాలరి మనవడు.
వాడి మణికట్టు నేను పట్టుకున్నాను.
నా అరబ్బీ సగం, వాడి తెలుగు సున్నా.
బోల్టు చెప్పింది, విన్నాం.
డిసెంబరు నుంచి ఈ స్టేషను వాడిది.
కాగితం వచ్చింది.

ఇవాళ రాత్రి షిఫ్టు దిగాక
తెల్లారకముందే వాడే చూపించాడు,
సముద్రం అంచున, దక్షిణంగా:
సుహైల్. అది పొడిస్తే ఎండ విరిగినట్టేనట.
మా అవ్వ దాన్ని అగస్త్యుడనేది,
అది పొడిస్తే చెరువునీళ్లు తేరుకుంటాయనేది.

"అగస్తియ" అని రెండుసార్లు అనుకుని
గ్లౌజులు నా చేతిలో పెట్టి
టీ తేవడానికి పోయాడు నాయిఫ్.