ఐదు మీటర్లు, ఒక తువ్వాల

జిమ్మలగట్ట దాటాక జీపు మాట వినలేదు.
మిగతా దారి కాళ్లదే.
నెత్తిన బియ్యం, భుజాన టార్పాలిన్,
చంకలో రిజిస్టరు.
గళ్లన్నీ మరాఠీలో ఉంటాయి,
నింపే చెయ్యి మాత్రం సిరొంచది.

మేం నలుగురం.
ఫారెస్టరు ధాకటే, దుర్గం ఓదెలు, నేను,
అందరికంటే ముందు చెప్పుల్లేకుండా దొగె.
పని చిన్నదే:
ముసలి చెట్లకు నంబరెయ్యడం,
నడుము కొలిచి రాయడం.

గొడ్డలి ఎరగని అడవిలో
ముందు వెలుతురు తగ్గుతుంది,
ఆ తర్వాత మన గొంతు.
దారికడ్డంగా పడి ఉంది ఒక టేకు,
నేను పుట్టకముందే పడిందట.
వీపు నిండా నాచు,
నాచులో పుట్టగొడుగులు,
వాటి కింద ఎవరెవరి సంసారాలో.
"మృతం అని రాయి" అన్నాడు ధాకటే.
రాస్తుంటే లోపల ఏదో
చిటుక్కుమని కదిలింది.

వాగు ఒడ్డున టార్పాలిన్ కట్టాం.
పుష్యమాసపు చలి,
గిన్నె మీద మూత ఎత్తగానే
ఎనిమిది చేతులు ఆవిరి కోసం వంగాయి.
ఓదెలు ఉప్పూ మిరపకాయా నూరాడు.
దొగె మోదుగాకు పొట్లం విప్పి
చీమల పచ్చడి తలా వేలెడంత పెట్టాడు.
పులుపుకి చెవులు కదిలాయి.
ధాకటే వద్దన్నాడు,
తర్వాత చీకట్లో వచ్చి అడిగాడు.

పొద్దంతా మాకు చెట్ల పేర్ల కొట్లాటే.
నేను మద్ది అంటే అతను ఐన్ అంటాడు,
నేను ఇప్ప అంటే అతను మోహ.
దొగెని అడిగితే మంట ఎగదోసి,
"రాత్రి పేరెత్తితే పలుకుతాయి" అన్నాడు.
నిజంగానే అన్నాడో, నన్ను ఆడించాడో.
ఆ తర్వాత మాత్రం
నలుగురం వేలుపెట్టి చూపిస్తూనే మాట్లాడుకున్నాం.

నాకు నిద్ర పట్టలేదు.
మా నాయిన సర్కారు సుత్తి మోసినోడు.
మొదట్లో బెరడు చెక్కి, ఆ తెల్లని చోట
ముద్ర దిగేట్టు ఒకటే దెబ్బ.
ముద్ర పడ్డ చెట్టు
ఏడాది తిరక్కుండా డిపోలో దుంగ.
మా ఇంటి దూలం, అక్క మందులు,
నా పదో తరగతి,
అన్నీ ఆ దెబ్బల కూలీయే.
ఆయన చేతుల్లో చివరిదాకా టేకు వాసన.
నాకది నచ్చేది.
ఇప్పుడీ చీకట్లో తలుచుకుంటే
నచ్చేదని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

తెల్లారి, మంచు ఇంకా చినుకుతుండగా,
దొగె ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు.
తల ఎత్తి చూస్తే ఓదెలు టోపీ జారిపడింది,
కొమ్మలు మాత్రం దొరకలేదు.
మోకాలెత్తున, మొదట్లో,
బెరడు పెదవుల్లా మూసుకున్న పాత గాయం.
వేలు పెట్టాను.
లోపల ముద్ర అంచు చల్లగా తగిలింది.
"దీన్ని మరిచిపోయారు" అన్నాడు దొగె.

మరిచిపోయారా?
ఆ ఏడు వాగు పొంగిందా,
బండి ఇరుసు విరిగిందా,
కూలోళ్లకి జ్వరాలా,
లేక సుత్తి మోసిన ఎవడో
లెక్కలో ఒకటి తప్పు చెప్పాడా?
అడగడానికి నాయిన లేడు.

టేపు చుట్టాం. అయిదు మీటర్లూ అయిపోయింది,
చెట్టు అయిపోలేదు.
ఓదెలు మెడలో తువ్వాల తీసి ముడేశాడు,
సరిగ్గా అందింది.
"ఐదు మీటర్లు, ఒక తువ్వాల" అని రాశాను.
ధాకటే నవ్వాడు, కొట్టేశాడు,
తువ్వాలని మూరేసి లెక్క కట్టాడు.

తర్వాత నంబరు రేకు, మేకు,
సంచీలోంచి సుత్తి తీసి నాకే ఇచ్చాడు.
చెయ్యి ఆగింది.
"మొత్తం దిగ్గొట్టకు,
బొటనవేలంత బయటుంచు" అన్నాడు,
"లావెక్కుతుంది కదా, చోటుండాలి.
అది రూలు."

రెండు దెబ్బలు, మెల్లగా.
మెడ బోసిపోయిన ఓదెలు
అడవంతా వినేట్టు తుమ్మాడు.