మళ్ళీ రావాలి

చెప్పులు గుమ్మం బయట విడిచాను
తెగిన పట్టీ గోడవైపు తిప్పి.

"మన భుజంగరావు, తెగ చదువుతాడు"
బ్రాడీపేట డాక్టరుగారు నన్ను చూపించారు
కొత్త ఏసీని చూపించినట్టే.

"చదివి, ఏం చేస్తుంటారండీ?"
ఆవిడ నిజంగానే అడిగింది, వెటకారం లేదు.
నా నోట్లో జీడిపప్పు.
అది అయిపోకుండా నమిలాను.

ఎవరో అమరావతిలో గజం రేటు ఎత్తారు
ముఖాలన్నీ అటు తిరిగాయి
హమ్మయ్య.

అద్దాల బీరువాలో పుస్తకాలు, తాళం వేసి.
వెన్నుల మీది పేర్లు చదువుతూ నిలబడ్డాను
ములాఖత్‌కి వచ్చినవాడిలా.

"మళ్ళీ రావాలి" అంటూ
పూతరేకుల పొట్లం చేతిలో పెట్టారు.

వంతెన మీద మిర్చి యార్డు లారీ దాటింది.
తుమ్మాను,
ఒకటి కాదు, ఏడెనిమిది,
సాయంత్రమంతా మర్యాదగా ఆపుకున్నవన్నీ.

పొట్లం మాత్రం
జారనివ్వలేదు.